కొండ నడుగవలసిన నాలుగు ప్రశ్నలు



నేడు కొండలమీది వాతావరణమును గూర్చి కొన్ని మాటలు మనవి చేయదలచితిని. కృష్ణా డెల్టాలో, కూచిపూడి ప్రాంతమున, ముప్పదియేండ్లు బడిలో పాఠములు చెప్పిన వానికి కొండలతో నేమి పని యని మీలో గొందరు నవ్వుకొనవచ్చును. నిజమే. మాకు కొండ యనునది లేదు. మొవ్వ, కూచిపూడి, పామఱ్ఱు, ఘంటసాల, ఎటు చూచినను వరిచేలు, కాలువగట్లు, తాడిచెట్లు. నేల సముద్రమట్టమునకు కొలది మీటర్ల యెత్తున అరచేయివలె పఱచుకొని యున్నది. మొవ్వలో ఉక్కగా నున్నచో పామఱ్ఱులోను ఉక్కయే. మచిలీపట్టణమున ముసురు పట్టినచో మనకును పట్టును. వేసవి జల్లు కురిసినప్పుడు మాత్రము ఒక చేను తడిసి, గట్టున కావలి చేను పొడిగా నుండుట కలదు. అంతకు మించి, నాలుగు కోసుల దూరమున ఋతువే మారిపోవుట మనము చూచి యెఱుగము.

కనుకనే ఈ ప్రసంగము మనకు కావలసియున్నది. సమతలమున పుట్టి పెరిగినవారు కొండకు బోవునపుడు సమతలపు బుద్ధినే వెంట గొనిపోవుదురు. మన తాతల కాలమున బదరీయాత్రకు బోవువారు ఊరివారందఱివద్ద సెలవు గైకొని, నెలల తరబడి నడచుచు, కొండకు మెల్లమెల్లగా అలవాటు పడుచు పోయెడివారు. నేడో, విజయవాడలో రైలెక్కిన నాలుగైదు దినములకే కేదారనాథుని ముంగిట నిలుచుచున్నాము. దేహము కొండ మీదను, బుద్ధి యింకను చేనిగట్టు మీదను ఉన్నవి. ఆ రెంటి నడుమ నున్న ఎడమే యాత్రికుల ప్రాణములకు ముప్పు తెచ్చుచున్నది.

చలిదేశములందు మంచుకొండలపై ఒక క్రీడ కలదు. కాళ్ళకు పొడవైన సన్నని పలకలు కట్టుకొని, చేతులలో రెండు కఱ్ఱలు బూని, మంచు వాలుపై వేగముగా జారుదురు. దానిని స్కీయింగు అందురు. పై చదువులకును కొలువులకును సముద్రములు దాటిన మన మనుమలలో గొందఱును ఇది నేర్చిరి. మన దేశమున కాశ్మీరములోని గుల్‌మార్గునందును, బదరీ మార్గములో జోషీమఠమునకు ఎగువనున్న ఔలీయందును ఈ యాట ఆడుదురు. ఆటను గూర్చి నాకు ముచ్చట లేదు గాని, అది ఆడువారి తెలివి మనకు మిక్కిలి పనికివచ్చును. వారు "గుల్‌మార్గులో వాతావరణ మెట్లున్నది?" యని యడిగి ఊరకుండరు. ఏ యెత్తున? ఏ ముఖమున? ఏ వేళకు? ఏ గాలికి? అని నాలుగు ప్రశ్నలు వేయుదురు. యాత్రికుడును అవియే వేయవలెను. ఒక్కొక్కదానిని వివరించెదను.

మొదటి ప్రశ్న ఎత్తు. పైకి పోయినకొలది గాలి పలుచబడును, చల్లబడును. సగటున వేయి మీటర్ల యెత్తునకు ఆఱున్నర డిగ్రీల వేడిమి తగ్గునని లెక్క. తిరుపతినుండి తిరుమల కెక్కిన ప్రతివాడును దీనిని చర్మముతో తెలిసికొన్నవాడే. క్రింద చెమట, పైన చల్లనిగాలి. అచట ఎక్కునది ఏడెనిమిదివందల మీటర్లే గనుక అది హాయిగా నుండును. హిమాలయములలో లెక్క మారును. గౌరీకుండము రమారమి 1,980 మీటర్ల యెత్తున నున్నది. కేదారనాథము 3,583 మీటర్లు. నడుమ నడక 16 కిలోమీటర్లు. అనగా ఒక్క దినపు నడకలో వేడిమి పది డిగ్రీలు దిగిపోవును. మన యూళ్ళలో సంక్రాంతినాటి పగటికిని, రోహిణీకార్తెకు ముందటి పగటికిని ఉండు అంతర మంతయే. మనకు నాలుగునెలలు పట్టు మార్పు అచట ప్రొద్దుటనుండి సాయంకాలమునకు జరుగును. గుల్‌మార్గునందు తీగెమార్గమున బోవువారు 2,650 మీటర్లవద్ద ఎక్కి సుమారు 3,950 మీటర్లవద్ద దిగుదురు. కూర్చున్నచోటనే ఎనిమిది డిగ్రీలు పోవును. క్రింద వాన కురియుచుండగా పైన అదియే మంచుగా రాలుచుండును. వాన మంచుగా మారు ఆ గీత యెచట నున్నదని స్కీయింగు వాడు మొదట విచారించును.

మేఘములకును ఎత్తు కలదు. కాళిదాస మహాకవి కుమారసంభవము మొదట హిమవంతుని వర్ణించుచు, మేఘములు కొండ నడుమునకు మొలనూలివలె తిరుగుచుండగా, అచటి వానకు విసిగిన సిద్ధులు ఎండ కాయు శిఖరముల కెక్కుదురని చెప్పినాడు. బడిలో దీనిని కవిచమత్కారముగా బోధించుట కలదు. కాని యిది కొండ నెఱిగినవాని మాట. నడుమ వాన, పైన ఎండ. రెండును ఒకే గడియలో, ఒకే కొండమీద.

రెండవ ప్రశ్న ముఖము. కొండకు వెన్నును ముఖమును గలవు. ఏ వైపున గాలి వచ్చి తగులునో ఆ వైపున గాలి పైకి లేచి, చల్లబడి, తన తేమను వానగా విడుచును. శిఖరము దాటి దిగునప్పుడు దానివద్ద విడుచుట కేమియు మిగులదు. పైగా దిగుచున్న గాలి వేడెక్కి మఱింత పొడిబాఱును. దీనికి నిదర్శనము మన కృష్ణవేణి జన్మస్థలముకంటె వేఱు కావలదు. సహ్యాద్రి కొనయందలి మహాబలేశ్వరమున కృష్ణ పుట్టినది. అరేబియా సముద్రమునుండి వచ్చు నైరృతిగాలులు అచట కొండను గ్రుద్దుకొని యేటా 5,000 మిల్లీమీటర్లకు మించి కురియును. మన జిల్లాలో యేడాదికి కురియు వాన సుమారు వేయి మిల్లీమీటర్లు. అనగా మన కైదేండ్లలో పడునది అచట నొక యేటనే పడును. అచటినుండి తూర్పుగా ముప్పది కిలోమీటర్లు దిగి వాయి యను ఊరు చేరినచో, ఆ వానలో అయిదవవంతు గూడ ఉండదు. ఎగువ గొడుగుతో తీఱని వాన; దిగువ మబ్బు వంక చూచు రైతు. నడుమ దూరమో, విజయవాడకును ఉయ్యూరునకును గల దూరమువంటిది. తరతరములుగా మన కాలువలలో పాఱిన నీటికి, మన మళ్ళలో నిలిచిన పంటకు మూల మీ కొండముఖపు భేదములోనే యున్నది. గాలి తన తేమ నంతయు కొంకణపు సమతలముననే చల్లివేసిన యెడల కృష్ణ యెక్కడిది, మన డెల్టా యెక్కడిది!

ఎండ విషయమునను ముఖభేదము కలదు. హిమాలయములలో ఉత్తరముఖపు వాలుపై సూర్యుడు తక్కువగా పడును. అచటి మంచు పొడిపొడిగా చాలకాలము నిలుచును. దక్షిణముఖపు మంచు పగలు కరగి, రాత్రి మరల గడ్డకట్టి, ప్రొద్దుటికి గాజుపలకవలె జారుచుండును. దారి ఒక మలుపు తిరుగగానే పాదము క్రింది నేల స్వభావమే మారిపోవును. కఱ్ఱ యూతగా గొని నడచు వృద్ధులు ఈ సంగతి ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను.

మూడవ ప్రశ్న వేళ. పగలు సూర్యుడు వాలులను వేడిచేయగా లోయలోని గాలి పైకి ప్రాకును. ప్రాకిన గాలి మధ్యాహ్నమునకు శిఖరములమీద మబ్బు కట్టును. అందుచే నిర్మలమైన ప్రాతఃకాలము చూచి "ఈ దినము వాన రాదు" అని కొండవాసి యెవ్వడును అనడు. దర్శనమునకు వేకువనే బయలుదేఱి, మధ్యాహ్నమునకు నీడపట్టు చేరవలెనను ఆచారములో భక్తియు నున్నది, వాతావరణశాస్త్రమును ఉన్నది.

రాత్రి యిది తలక్రిందులగును. వాలులు చల్లబడగా వానిపై నున్న గాలి బరువై, నీరువలె పల్లమునకు దిగి, లోయలో మడుగు కట్టును. అప్పుడు గట్టుమీదకంటె గుంటలోనే చలి యెక్కువ. పైకి పోయినకొలది చలియని యిందాక చెప్పితిని. ఇది దాని కపవాదము. దీనిని చూడగోరువారు హిమాలయములకు బోనక్కరలేదు. మన రాష్ట్రముననే, అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లికి సమీపమున లంబసింగి యున్నది. ఎత్తు రమారమి వేయి మీటర్లు. నర్సీపట్టణపు సమతలమునుండి ముప్పది కిలోమీటర్లైనను ఉండదు. ఎత్తును బట్టి లెక్క కట్టినచో ఆఱేడు డిగ్రీలు మాత్రమే చల్లగా నుండవలెను. కాని పుష్యమాసపు నిర్మలమైన రాత్రులలో అచటి పల్లమున చల్లగాలి నిలిచి, కొన్ని యేండ్లలో వేడిమి సున్నాకు చేరువ దిగుచుండును. ఆ యూరికి కొఱ్ఱబయలు అను పేరును కలదు. బయట నిలిచినవాడు చలికి కొయ్యవలె బిగుసుకొనిపోవునని అచటివారు దాని కర్థము చెప్పుదురు. ప్రొద్దెక్కి తొమ్మిది గంటలగునప్పటికి ఆ చలియే లేదు. పొగమంచు విడిపోయి, మన యూరి మాఘమాసపు ఎండవలె హాయిగా నుండును. అదే యూరు, అదే దినము. వేళ మాత్రము మాఱినది.

నాలుగవ ప్రశ్న గాలి. వేడిమానిలో సున్నా చూపుచుండగా గంటకు నలుబది కిలోమీటర్ల గాలి వీచినయెడల, దేహమునకు తగులు చలి సున్నాకు ఏడు డిగ్రీలు క్రిందనున్నట్లే. తడిసిన బట్టలతో నిలిచినచో మఱింత ఘోరము. కొండసందు, కనుమ, మెడ అనబడు చోటులలో గాలి ఇరుకున బడి వేగము పుంజుకొనును. పది అడుగులు వెనుకకు వచ్చి బండచాటున నిలిచినచో దీపము వెలిగింపవచ్చును. పది అడుగులు ముందునకు బోయినచో శాలువ నిలువదు. ఆ గాలియే ఒక వాలుమీది మంచును ఎత్తి ఆవలి వాలున కుప్పపోయును. చూచుటకు మెత్తని దూదిపఱపు. కాలు పెట్టిన నొక్కసారిగా విఱిగి దొర్లును. స్కీయింగు వారు మిక్కిలి భయపడునది ఈ కుప్పలకే.

ఎత్తు, ముఖము, వేళ, గాలి. ఈ నాలుగింటి కలయికచే కొండమీద ప్రతి మలుపును ఒక వేఱు దేశమగును. మా కూచిపూడి భాగవతులలో సత్యభామ ఒక్క జడ త్రిప్పుటలో గర్వమునుండి విరహమునకు మాఱును. కొండయును అట్టిదే, కాని సత్యభామ మనలను చంపదు.

2022 జూలై 8వ తేదీ సాయంకాలము అమరనాథ గుహవద్ద జరిగిన దానిని చిత్తగింపుడు. గుహ 3,888 మీటర్ల యెత్తున నున్నది. ఆనాడు నాలుగున్నరకును ఆఱున్నరకును నడుమ గుహవద్ద పడిన వాన 31 మిల్లీమీటర్లని వాతావరణ శాఖ తెలిపినది. మన చేలలో ఇది చెప్పుకొనదగిన వానయే కాదు. నారుమడికి చాలునని సంతోషింతుము. అచట మాత్రము ఎగువ వాలులమీద కురిసిన నీరు సన్నని సెలయేటిలోనికి ఒక్కపెట్టున దుమికి, రాళ్ళను బురదను దొర్లించుకొని వచ్చి గుడారములమీద పడినది. కనీసము 15 మంది చనిపోయిరి. కొండ క్రింది మజిలీలవారికి అది సామాన్యమైన సాయంకాలము. కావున మనవారు తెలిసికొనవలసినది ఇది: సమతలమున వాన ఎంత పడినదని కొలుతుము, కొండమీద అది ఎచట పడి, ఎటు ప్రవహించునని చూడవలెను. తలమీద చుక్క పడకున్నను, పైలోయలో మబ్బు నల్లనై యున్నచో, సెలయేటి ప్రక్కన కూర్చుండరాదు. నీటి రంగు మాఱినను, దొర్లు రాళ్ళ చప్పుడు వినబడినను, సామాను విడిచి ప్రక్కవాలున కెక్కవలెను. ఏటివెంబడి క్రిందికి పరుగెత్తరాదు.

ఇక 2013 జూన్ 16, 17 తేదీలలోని కేదారనాథ ప్రళయమును మీరు మఱచియుండరు. అది వేఱువిధమైనది. ఒక్క మలుపున కాక ఉత్తరాఖండమున విశాలమైన భాగమంతట దినముల తరబడి కురిసిన వాన అది. ఆపై గుడికి ఎగువనున్న చోరాబారీ సరస్సు తెగినది. వేలకొలది జనులు పోయిరి. మన తెలుగు జిల్లాల యాత్రికులును వారిలో గలరు. అట్టి పెద్దవాన ముందుగా తెలియును. వాతావరణ శాఖ భారీ వర్షములు గలవని యప్పుడు హెచ్చరించియే యుండెను. చిన్న మబ్బు చేయు ఘాతుకము మాత్రము గంట ముందుగా గాని తెలియదు. ఈ రెంటికిని భేద మెఱిగినవాడు హెచ్చరికల నెట్లు వినవలెనో ఎఱుగును.

మన యూళ్ళలో రచ్చబండవద్ద ఒక మాట తఱచుగా వినబడును: "వాతావరణమువారి మాట యెప్పుడు నిజమైనది గనుక!" అని. ఇది న్యాయము కాదు. ఒక జిల్లాకు చెప్పిన మాటను మన పొలమునకు, ఒక పట్టణమునకు చెప్పిన మాటను శిఖరమునకు అన్వయించుకొని, తప్పు వారిపై మోపుచున్నాము. మచిలీపట్టణమున రాడారు కలదు. మన సమతలమున దాని చూపునకు అడ్డు లేదు గనుక తుపానును దూరమునుండియే కనిపెట్టును. హిమాలయములలో ఒక కొండ మఱియొక కొండను మఱుగుపఱచును. లోయలోని మబ్బు రాడారుకు కనబడకపోవచ్చును. అందుకొఱకే 2013 తరువాత ముక్తేశ్వరము, సురకండాదేవి మొదలగు ఎత్తయిన తావుల రాడారులు నెలకొల్పిరి. అయినను ప్రతి లోయకును ఒక కన్ను పెట్టుట సాధ్యము కాదు. విశాలమైన వార్తను వారు చెప్పుదురు. దానిని ఈ కొండకు, ఈ మలుపునకు, ఈ గంటకు కుదించుకొనుట మన పని.

కొన్ని సంవత్సరముల క్రిందట మా బృందముతో బదరి కేగునప్పుడు జోషీమఠమున మధ్యాహ్నపు ఎండ చురుక్కుమనుచుండెను. మాలో ఒక పెద్దాయన "ఇంత యెండలో కంబళి యేల?" యని దానిని వసతిలోనే విడిచెను. బస్సు తోలువాడు గఢ్వాలీ యువకుడు. అతడు దిగివచ్చి, "బాబాజీ, ఇది జోషీమఠపు ఎండ. బదరి యెండ కాదు" అని చెప్పి, తానే లోపలికి బోయి కంబళి తెచ్చి ఒడిలో నుంచెను. సాయంకాలము బదరిలో సన్నని మంచు రాలినది. ఆ రాత్రి పెద్దాయన కంబళిలో ముడుచుకొని, ఆ కుఱ్ఱవానికి పదిమార్లు ఆశీస్సులు పలికెను. నేను చెప్పదలచిన శాస్త్రమంతయు ఆ యువకుని రెండు మాటలలో నున్నది. స్థానికుని మాట పాటింపదగినది. గుఱ్ఱము తోలువాడు, డోలీ మోయువాడు, టీ కాచువాడు "ఈ పూట పోవలదు" అన్నచో, అది వాని బేరము కాదు, తరతరముల అనుభవము.

మనుచరిత్రలో ప్రవరాఖ్యుని కథ మీకు తెలియనిది కాదు. సిద్ధు డిచ్చిన పాదలేపముతో హిమగిరికి బోయినాడు; సాయంకాలమునకు ఇల్లు చేరుదునని నమ్మినాడు. మంచుకొండ చరియలమీద తిరుగగా తిరుగగా ఆ లేపము మంచునీటికి కరగిపోయినది, తిరుగుదారి మూసికొనిపోయినది. అరుణాస్పదపురమున పాడుగాని మందు హిమాలయమున పాడయినది. పోవుటకు చాలిన సాధనము వచ్చుటకు చాలదు. మన చేతిలోని ఫోను బ్యాటరీయు చలిలో అట్లే చప్పున క్షీణించును. దానినే నమ్మి కొండ యెక్కువారు ప్రవరుని తలచుకొనుట మంచిది.

నేర్పరులకును కొండ వశము కాదు. నెల్లూరు జిల్లాలో పుట్టి, ఏడు ఖండములందలి మహోన్నత శిఖరములను 2006లో 172 దినములలో ఎక్కిన మల్లి మస్తాన్‌బాబు, 2015 మార్చిలో దక్షిణ అమెరికాయందలి ఆండీసు పర్వతములలో ఒంటరిగా పోయి ప్రతికూల వాతావరణమున తిరిగి రాలేదు. ఏప్రిల్ మొదట ఆయన దేహము దొరికినది. అంతటి వీరునికే అట్లయినచో, మోకాళ్ళనొప్పులతో యాత్ర చేయు మనబోటివా రెంత జాగ్రత్తగా నుండవలెను!

కాబట్టి యాత్రకు బయలుదేఱు పెద్దలకు నా విన్నపము. క్రింది యూరి వార్త విని తృప్తిపడకుడు. చేరవలసిన చోటి యెత్తు తెలిసికొని, వేయి మీటర్లకు ఆఱున్నర డిగ్రీల చొప్పున మీరే లెక్క కట్టుకొనుడు. నూలుబట్ట తడిసినచో చలిని ఆపలేదు. ఉన్నిబట్టయు, వాన దిగని పైబట్టయు చంకలో నుండవలెను గాని మజిలీలోని పెట్టెలో గాదు. ఎత్తు చేరుటకు ముందు ఒకటి రెండు రాత్రులు నడుమ ఆగుడు. కేదారమున గాలియొత్తిడి సముద్రతీరముననున్న దానిలో రమారమి మూడింట రెండువంతులే గనుక, ఊపిరికి అలవాటు కావలెను. వేకువనే నడువుడు. మధ్యాహ్నపు మబ్బు క్రమ్మినచో నిలిచిపొండు.

అన్నిటికంటె కష్టమైనది చివరిది. దారిలో వాతావరణము వికటించినప్పుడు వెనుకకు మఱలుటకు సిగ్గుపడకుడు. "ఇంత దూరము వచ్చి దర్శనము కాకుండ పోవుటయా?" యని మనస్సు పీకును. తోడివారును తొందరపెట్టుదురు. ఆ క్షణమున బృందములోని పెద్ద నోరు విప్పి "ఆగుదము" అనవలెను. చిన్నవారు ఆ మాట అనలేరు. పిఱికివా రందురని వారికి భయము. మన తలనెరపునకు ఆ భయము లేదు. కొండ రేపును అచటనే యుండును. స్వామియు అచటనే యుండును. మన వెంట నమ్మివచ్చినవారిని క్షేమముగా ఇల్లు చేర్చుటయు పూజయే.